కాంతి విశ్లేషణ చరిత్ర: బస్రా నుండి గుంటూరు వరకు

సూర్యుడు భూమికి సుమారు 15 కోట్ల కిలోమీటర్ల దూరంలో ఉన్నాడు. సూర్యబింబం మీది నుండి పిడికెడు పదార్థం తెచ్చి పరీక్షించినవారు ఎవరూ లేరు. అయినా అందులో ఉదజని, హీలియం, సోడియం, ఇనుము మొదలైన మూలకాలున్నాయని పాఠశాల విద్యార్థి సైతం నేడు చెప్పగలడు. అలాగే ఒక ప్రాచీన గ్రంథంలోని తోలుపత్రం ఏ కాలానిదో, దానిపై వాడిన సిరా ఏ పదార్థంతో తయారయిందో ఆ గ్రంథానికి దాదాపు హాని కలుగకుండానే తెలుసుకోవచ్చు. ఈ రెండు పనులనూ సాధ్యం చేసినవి స్పెక్ట్రోమీటర్లనే సాధనాలు. తెలుగులో వీటిని వర్ణపటమాపకాలు అంటారు.

ఈ సాధనం చరిత్రను చెప్పేటప్పుడు రెండు రకాల పొరపాట్లు జరుగుతుంటాయి. పాశ్చాత్య పాఠ్యగ్రంథాలు అనేకం న్యూటన్ గదిలోని గాజు పట్టకంతో కథ మొదలుపెట్టి, అంతకు ముందున్నదంతా చీకటి అన్నట్లు వ్రాస్తాయి. దీనికి ప్రతిగా ముస్లింల ప్రచార సాహిత్యంలో కొన్నిచోట్ల, ఆధునిక యంత్రాలన్నీ బాగ్దాదులోనో కైరోలోనో పుట్టినట్లు వ్రాయటం కనిపిస్తుంది. మొదటిది పూర్వుల కృషిని మరుగుపరుస్తుంది. రెండవది వారు చేయని పనిని వారికి అంటగట్టి, చేసిన పనిపై కూడ సందేహం కలిగిస్తుంది. ఎవరు ఏది కనుగొన్నారు, ఎంతవరకు కనుగొన్నారు, అది తరువాతివారికి ఎలా చేరింది అన్న మూడు ప్రశ్నలను విడివిడిగా విచారించినప్పుడే సత్యం తేలుతుంది.

చీకటి గదిలో దీపాలు

క్రీ.శ. 965 ప్రాంతంలో బస్రాలో జన్మించి, సుమారు 1040లో కైరోలో మరణించిన ఇబ్నుల్ హైసమ్ దృష్టి శాస్త్రానికి కొత్త పునాది వేసినవాడు. ఆయనకు ముందు యూక్లిడ్, టాలెమీ వంటి గ్రీకు పండితులు కంటి నుండి కిరణాలు బయలుదేరి వస్తువును తాకటం వలన చూపు కలుగుతుందని భావించారు. ఏడు భాగాలుగా వ్రాసిన ‘కితాబుల్ మనాజిర్’లో ఇబ్నుల్ హైసమ్ ఈ భావాన్ని ఖండించాడు. కాంతి వస్తువు నుండి కంటిలోనికి వస్తుందే గాని, కంటి నుండి వస్తువుకు పోదని నిరూపించాడు.

ఆయన నిర్ణయం కంటె ఆ నిర్ణయానికి వచ్చిన విధానం ముఖ్యమైనది. చీకటి గది గోడకు చిన్న రంధ్రం చేసి, బయట వేర్వేరు చోట్ల దీపాలుంచాడు. లోపలి గోడపై ఎన్ని దీపాలకు అన్ని వెలుగు మచ్చలు పడ్డాయి. ఒక దీపాన్ని కప్పితే దానికి ఎదురుగా ఉన్న మచ్చ ఒక్కటే మాయమయింది. ఒకే రంధ్రం గుండా సాగినా ఏ వెలుగు దారి దానిదేనని, అవి కలిసి చెడిపోవని దీనివలన తేలింది. ఇటువంటి పరీక్షకు ఆయన వాడిన అరబీ పదం ‘ఇఅతిబార్’. కాంతి గాలి నుండి నీటిలోనికి, గాజులోనికి పోయేటప్పుడు ఎంత వంగుతుందో కొలవటానికి అంశాలు గుర్తించిన లోహపు పరికరాన్ని కూడ వర్ణించాడు. పూర్వులు వ్రాశారన్నంత మాత్రాన ఒక మాటను సత్యంగా గ్రహించరాదని, సత్యాన్వేషి తాను చదివిన ప్రతి గ్రంథాన్నీ, చివరకు తన అభిప్రాయాన్నీ ప్రశ్నించాలని టాలెమీపై వ్రాసిన విమర్శ గ్రంథంలో బోధించాడు.

ఆయనకు ఒక తరం ముందు, 984 ప్రాంతంలో, బాగ్దాదు గణితజ్ఞుడు ఇబ్ను సహ్ల్ కాంతిని ఒకచోట కేంద్రీకరించే కటకాల గురించి వ్రాస్తూ వక్రీభవన సూత్రంతో సమానమైన జ్యామితీయ సంబంధాన్ని ఉపయోగించాడు. ఐరోపాలో అదే సూత్రం 1621లో స్నెల్‌కు తెలిసింది. 1637లో డెకార్ట్ దానిని ప్రకటించాడు. ఇబ్ను సహ్ల్ గ్రంథంలోని ఈ విషయాన్ని రష్దీ రాషిద్ 1990లో లోకానికి వెల్లడించేవరకు దాదాపు ఎవరూ ఎరుగరు. వ్రాసిన గ్రంథం ఉండగానే దానిని చదివేవారు లేకపోతే జ్ఞానానికి ఏ గతి పడుతుందో దీనిని బట్టి తెలుస్తుంది.

తబ్రీజులోని నీటి గోళం

ఇబ్నుల్ హైసమ్ ఎంత గొప్పవాడయినా ఇంద్రధనుస్సు విషయంలో పొరబడ్డాడు. మేఘం పుటాకార దర్పణం వలె సూర్యకాంతిని పరావర్తనం చేయటం వలన ధనుస్సు ఏర్పడుతుందని ఆయన భావించాడు. ఈ పొరపాటును సవరించినది ఆయన గ్రంథాన్నే శ్రద్ధగా చదివిన ఒక శిష్యపరంపర.

ఇరాన్ దేశపు తబ్రీజులో ఖుత్బుద్దీన్ షీరాజీ (1236-1311) వద్ద కమాలుద్దీన్ ఫారిసీ (1267 - సుమారు 1319) చదువుకున్నాడు. వక్రీభవనాన్ని గురించి పూర్వుల రచనల్లో తృప్తికరమైన సమాధానం దొరకక శిష్యుడు గురువును అడిగాడు. గురువు ఇబ్నుల్ హైసమ్ గ్రంథాన్ని సూచించి, దాని ప్రతిని దూరదేశం నుండి తెప్పించి ఇచ్చాడు. ఫారిసీ దానిపై ‘తన్‌ఖీహుల్ మనాజిర్’ అనే విపులమైన సవరణ వ్యాఖ్య వ్రాశాడు.

వాన చినుకు చాలా చిన్నది. దానిలో కాంతి ఏమవుతుందో కంటితో చూడలేము. కనుక ఫారిసీ నీటితో నింపిన గాజుగోళాన్ని పెద్ద చినుకుగా భావించి, చీకటి గదిలో రంధ్రం గుండా వచ్చే ఎండలో ఉంచి పరిశీలించాడు. కిరణం గోళంలోనికి ప్రవేశించేటప్పుడు ఒకసారి వంగి, వెనుక గోడ వద్ద ఒకసారి పరావర్తనం చెంది, వెలికి వచ్చేటప్పుడు మరొకసారి వంగితే మొదటి ధనుస్సు ఏర్పడుతుంది. లోపల రెండు పరావర్తనాలు జరిగితే దాని పైన రంగులు తలక్రిందులైన రెండవ ధనుస్సు ఏర్పడుతుంది. ఇది నేటికీ నిలిచిన వివరణ. దాదాపు అదే కాలంలో జర్మనీలో థియోడోరిక్ అనే క్రైస్తవ సన్యాసి కూడ స్వతంత్రంగా ఇదే నిర్ణయానికి వచ్చాడు. ఒకరి సంగతి ఒకరికి తెలిసిన ఆధారం లేదు.

అయితే తెల్లని కాంతిలోనే రంగులన్నీ ఇమిడి ఉన్నాయన్న సంగతి ఫారిసీకి తెలియదు. కనుక ఆయనను వర్ణపటమాపకానికి ఆద్యుడు అనటం సరికాదు. ఆచార్యుని గౌరవిస్తూనే ఆచార్యుని తప్పును ప్రయోగంతో దిద్దినవాడనటం సరి. ఆ కీర్తి చిన్నది కాదు.

గ్రంథాలు చేరిన దారులు వేరు. ‘కితాబుల్ మనాజిర్’ 1200 ప్రాంతానికే లాటిన్ భాషలోనికి అనువాదమయింది. రోజర్ బేకన్, విటెలో మొదలైనవారు దానిని ఆధారం చేసుకొన్నారు. 1572లో బాజెల్ నగరంలో అది అచ్చయింది. 1604లో కెప్లర్ తన కాంతిశాస్త్ర గ్రంథాన్ని విటెలో గ్రంథానికి అనుబంధంగానే వ్రాశాడు. కాని ఫారిసీ రచన లాటిన్‌లోనికి పోలేదు. మొదటి వాగు నదిలో కలిసింది. రెండవది మధ్యలోనే ఇంకిపోయింది.

గాజు పట్టకం, సన్నని చీలిక

1666లో న్యూటన్ తన గది కిటికీ తలుపుకు రంధ్రం చేసి, లోనికి వచ్చిన ఎండను ముక్కోణపు గాజు పట్టకం గుండా పంపాడు. ఎదుటి గోడపై ఎరుపు నుండి ఊదా వరకు రంగుల పట్టీ పడింది. దానికి ఆయన పెట్టిన పేరే ‘స్పెక్ట్రమ్’. అందులోని ఒక్క రంగును మాత్రమే రెండవ పట్టకం గుండా పంపితే అది మళ్ళీ చీలలేదు. కనుక రంగులను పట్టకం సృష్టించటం లేదని, కాంతిలో ఉన్నవాటినే విడదీస్తున్నదని తేల్చి 1672లో ప్రకటించాడు. చీకటి గది, చిన్న రంధ్రం అనే ఏర్పాటు తూర్పు దేశాల పండితులకు పాతదే. తీర్మానం మాత్రం పూర్తిగా కొత్తది.

ఆ తరువాత నూరేళ్ళకు పైగా ఈ రంగుల పట్టీలో ఖాళీలున్నాయని ఎవరూ గమనించలేదు. కారణం సులభమైనదే. గుండ్రని రంధ్రం గుండా వచ్చిన కాంతిలో రంగులు ఒకదానిపై ఒకటి పడి ఖాళీలను కప్పివేస్తాయి. 1802లో ఇంగ్లండుకు చెందిన వోలాస్టన్ రంధ్రానికి బదులు సన్నని చీలికను వాడాడు. రంగుల మధ్య కొన్ని నల్లని గీతలు కనిపించాయి. ఆయన వాటిని రంగుల సరిహద్దులనుకొని ఊరకున్నాడు.

వాటిని కొలిచినవాడు జర్మనీకి చెందిన జోసెఫ్ ఫ్రౌన్‌హోఫర్. బాల్యంలోనే తల్లిదండ్రులను కోల్పోయి, అద్దాల పనివాని వద్ద పని నేర్చుకొంటూ, 1801లో ఇల్లు కూలగా శిథిలాల నుండి బయటపడిన అనాథ ఆయన. దూరదర్శినికి మేలైన గాజు తయారు చేయటం ఆయన వృత్తి. గాజు కాంతిని ఎంత వంచుతుందో కచ్చితంగా తెలుసుకోవటానికి చీలికను, పట్టకాన్ని, భూమిని సర్వే చేసే థియోడొలైట్ దూరదర్శినిని జతపరచాడు. 1814లో ఆ పరికరంతో సూర్యకాంతిని చూడగా వందలాది నల్లని గీతలు కనిపించాయి. 500కు పైగా గీతల స్థానాలను లెక్కించి, ముఖ్యమైనవాటికి రోమన్ అక్షరాల పేర్లు పెట్టాడు. రంగులను కేవలం చూపే పరికరం స్థానాలను కొలిచే పరికరమయింది. వర్ణపటమాపకం పుట్టినది ఇక్కడే. 1821లో ఆయన పట్టకానికి బదులు దగ్గర దగ్గరగా గీతలున్న గ్రేటింగును వాడి, తరంగదైర్ఘ్యాలను కొలవటానికి కూడ దారి చూపాడు. ఆ నల్లని గీతలు ఎందుకున్నాయో తెలియకుండానే 1826లో, నలభై ఏళ్ళు నిండకుండా మరణించాడు.

1835లో ఫ్రెంచి తత్వవేత్త ఆగస్ట్ కామ్ట్, నక్షత్రాలలో ఏ పదార్థాలున్నవో మానవుడు ఎన్నటికీ తెలుసుకోజాలడని వ్రాశాడు. పాతికేళ్ళలోనే ఆ మాట అబద్ధమయింది.

జ్వాలలోని ఉప్పు

జర్మనీలోని హైడెల్‌బర్గ్ విశ్వవిద్యాలయంలో రసాయనజ్ఞుడు బున్సెన్, భౌతికజ్ఞుడు కిర్కాఫ్ కలిసి 1859-60లో ఈ చిక్కు విప్పారు. పొయ్యి మంటలో ఉప్పు పడితే మంట పసుపురంగుగా వెలగటం ప్రతి ఇంటా చూచేదే. ఆ వెలుగును వర్ణపటమాపకంలో చూస్తే పక్కపక్కనే రెండు పసుపు గీతలు కనిపిస్తాయి. నేటి కొలతల్లో అవి 589.0, 589.6 నానోమీటర్లు. సోడియం ఉన్న ఏ పదార్థమైనా ఆ గీతలనే ఇస్తుంది. మరొక మూలకం ఇవ్వదు. ప్రతి మూలకానికీ ఇటువంటి గీతల వరుస ప్రత్యేకంగా ఉంటుంది. మనిషికి వేలిముద్ర వంటిదే ఇది.

కిర్కాఫ్ మరొక పరీక్ష చేశాడు. సూర్యకాంతిని సోడియం జ్వాల గుండా పంపాడు. సూర్య వర్ణపటంలో సరిగా అదే స్థానంలో ఫ్రౌన్‌హోఫర్ గుర్తించిన నల్లని గీతలు మరింత నల్లబడ్డాయి. ఏ వాయువు వేడెక్కినప్పుడు ఏ రంగును వెలువరిస్తుందో, తనకంటె వేడి వస్తువు నుండి వచ్చే కాంతిలో ఆ రంగునే పీల్చుకొంటుందని దీనివలన తేలింది. సూర్యుని లోపలి నుండి వచ్చే కాంతిని బయటి పొరలలోని సోడియం వంటి మూలకాలు పీల్చుకొన్న చోటే నల్లని గీతలు పడుతున్నాయి.

పద్ధతి ఎంత సునిశితమైనదో వెంటనే రుజువయింది. 1860లో డుర్క్‌హైమ్ ఊటనీటిలో అంతవరకు ఎవరూ ఎరుగని నీలి గీతలు చూచి ‘సీసియం’ అనే మూలకాన్ని, 1861లో ఒక ఖనిజంలో ఎర్రని గీతలు చూచి ‘రుబీడియం’ అనే మూలకాన్ని వారు కనుగొన్నారు. గీతలు ముందు కనిపించాయి. ఆ తరువాత సుమారు 40 టన్నుల నీటిని ఇంకించి కొద్ది గ్రాముల సీసియం లవణాన్ని సంపాదించారు.

గుంటూరు, 18 ఆగస్టు 1868

ఈ శాస్త్రంలోని ఒక ముఖ్యఘట్టం తెలుగు నేలపై జరిగింది. 1868 ఆగస్టు 18న, అనగా హిజ్రీ 1285 రబీవుస్సానీ మాసాంతంలో, సంపూర్ణ సూర్యగ్రహణం భారతదేశం మీదుగా సాగింది. వర్ణపట విశ్లేషణ వెలసిన తరువాత దానిని అంత దీర్ఘమైన గ్రహణానికి ప్రయోగించే అవకాశం అదే మొదటిసారి. ఫ్రాన్స్ నుండి పియర్ జాన్సెన్ గుంటూరుకు వచ్చాడు. బ్రిటిష్ పక్షాన మేజర్ టెనెంట్ బృందం కూడ గుంటూరులోనే దిగింది. మద్రాసు వేధశాల అధిపతి పాగ్సన్, ఒకప్పుడు గోలకొండ సుల్తానులకు ప్రధాన రేవుగా ఉన్న మచిలీపట్నంలో తన పరికరాలు నిలిపాడు.

చంద్రుడు సూర్యబింబాన్ని పూర్తిగా కప్పిన అయిదు నిమిషాల చిల్లర కాలంలో, అంచుల నుండి ఎగసే ఎర్రని జ్వాలలు కనిపించాయి. జాన్సెన్ తన పరికరాన్ని వాటివైపు త్రిప్పగా రంగుల పట్టీ బదులు విడివిడిగా ప్రకాశించే గీతలు కనిపించాయి. కనుక అవి వేడి వాయు జ్వాలలు. అందులో ప్రధానమైనది ఉదజని. ఆ గీతలు ఎంత ప్రకాశవంతంగా ఉన్నవంటే, గ్రహణం లేకపోయినా వాటిని చూడవచ్చునని ఆయనకు తోచింది. ఆ రోజు మబ్బు అడ్డుపడింది. మరునాడు ఉదయం చీలికను సూర్యబింబపు అంచున నిలిపి చూడగా అవే గీతలు పట్టపగలు కనిపించాయి. ఆకాశపు వెలుగులో అన్ని రంగులూ ఉంటాయి కనుక అది వర్ణపటంలో పలుచగా పరుచుకొని మసకబారుతుంది. జ్వాలల వెలుగు కొన్ని గీతలలోనే ఇమిడి ఉండటం వలన చెదరదు. ఏళ్ళకొకసారి నిమిషాల సేపు దొరికే అవకాశం ఆనాటి నుండి ప్రతి పగలూ దొరుకుతున్నది.

ఇంగ్లండులో నార్మన్ లాకియర్ కూడ జాన్సెన్ సంగతి తెలియకుండా అక్టోబరు 20న ఇదే ఫలితం సాధించాడు. ఇద్దరి లేఖలూ అక్టోబరు 26న ఒకే సభలో పారిస్ అకాడమీ ముందుకు వచ్చాయి.

ఆ గీతలలో ఒక పసుపు గీత ఉంది. గ్రహణాన్ని చూచినవారిలో పలువురు దానిని సోడియం గీతే అనుకొన్నారు. అది సోడియం గీతల ప్రక్కన, 587.6 నానోమీటర్ల వద్ద ఉన్నదని లాకియర్ తరువాతి కొలతలలో స్పష్టమయింది. భూమిపై తెలిసిన ఏ మూలకమూ ఆ గీతను ఇవ్వకపోవటంతో, సూర్యునికి గ్రీకు పేరైన ‘హీలియోస్’ నుండి ఆ తెలియని మూలకానికి ‘హీలియం’ అని పేరు వచ్చింది. చాలామంది నమ్మలేదు. 1895లో విలియం రామ్సే యురేనియం కలిగిన ఒక ఖనిజం నుండి వెలువడిన వాయువులో అదే గీతను చూచాడు. సూర్యునిలో ముందు దొరికిన మూలకం 27 సంవత్సరాల తరువాత భూమిపై దొరికింది.

“హీలియం గుంటూరులో కనుగొనబడింది” అని తరచు వింటాము. ఈ మాటను కొంచెం సవరించుకోవాలి. ఆ గీత కనిపించిన తొలి సందర్భాలలో గుంటూరు, మచిలీపట్నం పరిశీలనలున్నాయి. అది కొత్త మూలకానిదన్న నిర్ణయం గుంటూరులో జరగలేదు. గుంటూరుకు నిశ్చయంగా దక్కవలసిన గౌరవం మరొకటి: గ్రహణం లేకుండానే సౌరజ్వాలలను చూచే పద్ధతి మొదట ఆచరణలోనికి వచ్చినది ఆ ఊరిలోనే.

మరొక పేరును కూడ స్మరించాలి. అదే గ్రహణాన్ని పరిశీలించటానికి మద్రాసు వేధశాల సహాయకుడు చింతామణి రఘునాథాచారి నిజాం రాజ్యంలోని వనపర్తికి ఒక బృందాన్ని తీసుకువెళ్ళాడు. 1874 నాటి శుక్ర సంక్రమణను గురించి సామాన్యులకు తెలియజెప్పే పుస్తకాన్ని ఉర్దూతో సహా పలు భాషలలో వెలువరించినవాడు కూడ ఆయనే. శాస్త్రం జనుల భాషలో జనులకు చేరాలన్న సంగతి ఆయన గ్రహించాడు.

హైదరాబాదులో రెండు ప్రవాహాలు

1888లో ఇమాదుల్ ముల్క్ సయ్యద్ హుస్సేన్ బిల్‌గ్రామీ, మౌలానా అన్వారుల్లా ఫారూఖీ, ముల్లా అబ్దుల్ ఖయ్యూం మొదలైనవారి కృషితో హైదరాబాదులో ‘దాయిరతుల్ మఆరిఫ్’ స్థాపితమయింది. లాటిన్‌లోనికి పోని ఫారిసీ గ్రంథం ‘తన్‌ఖీహుల్ మనాజిర్’ను హిజ్రీ 1347-48లో, అనగా 1928-30లో రెండు సంపుటాలుగా ప్రకటించినది ఈ సంస్థే. తబ్రీజులో వ్రాసిన గ్రంథం ఆరు వందల సంవత్సరాల తరువాత మూసీ ఒడ్డున అచ్చయి ప్రపంచ పండితుల చేతికందింది.

సరిగా ఆ కాలంలోనే, 1928 ఫిబ్రవరి 28న, కలకత్తాలో సి.వి. రామన్ కాంతి పరిక్షేపణలో కొత్త ఫలితాన్ని కనుగొన్నాడు. అణువులను తాకి చెదిరిన కాంతిలో కొద్దిభాగం రంగు మారుతుందని, ఆ మార్పు ఆయా అణువుల స్వభావాన్ని తెలుపుతుందని ఆయన తేల్చాడు. హైదరాబాదు నిజాం కళాశాలలో చదివిన సూరి భగవంతం అదే సంవత్సరం రామన్ శిష్యుడై, తరువాత వాల్తేరులోని ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఆచార్యుడయ్యాడు. 1952 నుండి 1957 వరకు ఉస్మానియా విశ్వవిద్యాలయ ఉపాధ్యక్షునిగా పనిచేశాడు. వాల్తేరులో కె. రంగధామరావు వర్ణపట పరిశోధనకు పటిష్ఠమైన పీఠం నెలకొల్పాడు. 1901లో నవాబ్ జఫర్ జంగ్ స్థాపించిన నిజామియా వేధశాల పరిసరాలలో పెరిగిన వైణు బప్పు, హైదరాబాదు ప్రభుత్వ విద్యార్థి వేతనంతో 1949లో హార్వర్డుకు వెళ్ళాడు. నక్షత్రాల కాల్షియం గీత వెడల్పును బట్టి వాటి అసలు ప్రకాశాన్ని నిర్ణయించే ‘విల్సన్-బప్పు’ సంబంధంలో ఆయన పేరు నిలిచింది.

ఒకే నగరంలో ఒక ప్రక్క పూర్వుల కాంతిశాస్త్రం అరబీలో అచ్చవుతున్నది. మరొక ప్రక్క నేటి కాంతిశాస్త్రానికి యువకులు తయారవుతున్నారు. కాని అరబీ గ్రంథాన్ని చదవగలిగినవారు ప్రయోగశాలకు, ప్రయోగశాలలోనివారు అరబీ గ్రంథానికి చాలవరకు దూరంగానే ఉండిపోయారు. పూర్వుల వారసత్వం అంటే వారి పేర్లు చెప్పుకోవటమా, వారి పనిని కొనసాగించటమా అన్న ప్రశ్న ఈ దూరంలోనే ఉంది.

సాధనం, దాని రకాలు

వర్ణపటమాపకం ఎంత క్లిష్టమైనదయినా అందులో నాలుగు భాగాలుంటాయి: కాంతి వచ్చే చోటు, దానిని సన్నని పట్టీగా మలిచే చీలిక, రంగులను విడదీసే పట్టకం లేదా గ్రేటింగ్, ఒక్కొక్క రంగు ఎంత బలంగా ఉన్నదో కొలిచే గ్రాహకం. ఫ్రౌన్‌హోఫర్ కాలంలో గ్రాహకం మనిషి కన్ను; తరువాత ఛాయాచిత్రపు పలక; నేడు ఎలెక్ట్రానిక్ పరికరం.

పదార్థాన్ని మండించి వెలువడే గీతలను చూచేది ఒక రకం. ఉక్కు కర్మాగారాలలో కరిగిన లోహం పాళ్ళు ఇలాగే పరీక్షిస్తారు. పదార్థం గుండా కాంతిని పంపి ఎంత పీల్చుకొన్నదో కొలిచేది రెండవ రకం. ద్రావణం ఎంత చిక్కనైతే అంత ఎక్కువ కాంతిని పీల్చుకొంటుంది. ఆసుపత్రి ప్రయోగశాలలో రక్తంలోని చక్కెరను కొలిచే పద్ధతులకు ఈ సూత్రమే ఆధారం. 1955లో ఆస్ట్రేలియాలో అలన్ వాల్ష్ ప్రకటించిన పరమాణు శోషణ పద్ధతితో త్రాగునీటిలోని సీసం వంటి విషలోహాలను అతి స్వల్ప పరిమాణంలో కూడ పట్టుకోవచ్చు. అణువుల కదలికలను పరారుణ, రామన్ వర్ణపటాలు తెలుపుతాయి. 2023 ఆగస్టులో చంద్రయాన్-3 బండి చంద్రుని దక్షిణ ధ్రువ ప్రాంతపు నేలను లేసరు కిరణంతో ఆవిరి చేసి, ఆ మెరుపులోని గీతలను బట్టి గంధకం ఉన్నదని తెలిపింది. బున్సెన్ జ్వాలకు అది వంశజమే.

మరొక రకం కాంతితో పనిచేయదు. ద్రవ్యరాశి వర్ణపటమాపకంలో పరమాణువులకు విద్యుదావేశం కలిగించి అయస్కాంత క్షేత్రం గుండా పంపుతారు. కళ్ళంలో ధాన్యం తూర్పారబట్టేటప్పుడు బరువైన గింజ దగ్గర, తేలికైన పొట్టు దూరంగా పడినట్లు, బరువైన పరమాణువులు తక్కువగా, తేలికైనవి ఎక్కువగా వంగి వేర్వేరు చోట్ల చేరతాయి. 1919లో కేంబ్రిడ్జిలో ఆస్టన్ ఈ సాధనంతో ఒకే మూలకంలో వేర్వేరు బరువుల పరమాణువులుంటాయని స్థిరపరచాడు.

తోలుపత్రాల సాక్ష్యం

ఈ చివరి సాధనమే ముస్లిం లోకాన్ని ఇటీవల ఒక పెద్ద చర్చలోనికి దింపింది. జీవి బ్రతికి ఉండగా దాని శరీరంలో కార్బన్-14 అనే రకం కొద్ది పాళ్ళలో ఉంటుంది. మరణించిన తరువాత అది 5,730 సంవత్సరాలకు సగం చొప్పున తరిగిపోతుంది. మిగిలిన పాలును కొలిస్తే జీవి మరణించిన కాలం తెలుస్తుంది. 1977 తరువాత వచ్చిన త్వరణక పద్ధతిలో దీనికి మిల్లీగ్రాముల నమూనా చాలు.

ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్ విశ్వవిద్యాలయంలో హిజాజీ లిపిలో వ్రాసిన రెండు ఖుర్‌ఆన్ పత్రాలున్నాయి. అందులో కహ్ఫ్, మర్యమ్, తాహా సూరాల భాగాలున్నాయి. ఆక్స్‌ఫర్డులో పరీక్షించగా ఆ తోలు 95.4 శాతం సంభావ్యతతో 568, 645 మధ్య కాలానిదని తేలినట్లు 2015 జులైలో ప్రకటించారు. ట్యూబింగెన్‌లోని మరొక ప్రతి తోలు 649, 675 మధ్యదని అంతకు ముందు సంవత్సరం వెల్లడయింది.

వెంటనే రెండు వర్గాలు తొందరపడ్డాయి. ప్రవక్త ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వసల్లమ్) జీవితకాలంలోనే ఈ పత్రాలు వ్రాసినట్లు యంత్రమే నిరూపించిందని ఒకరన్నారు. 568 అన్న అంకెను పట్టుకొని, ఈ వాక్యాలు ప్రవక్తకు పూర్వమే ఉండేవని మరొకరన్నారు. యంత్రం ఈ రెంటిలో ఏదీ చెప్పలేదు. అది కొలిచినది పశువు మరణించిన కాలాన్ని. సిరా ఆరిన కాలాన్ని కాదు. అది చెప్పినది ఒక అవధిని. ఒక సంవత్సరాన్ని కాదు. ఆ అవధిలో మొదటి అంకెను మాత్రమే, లేక చివరి అంకెను మాత్రమే ఏరుకోవటానికి ఎవరికీ అధికారం లేదు. తోలు సిద్ధమయిన కొంతకాలానికి వ్రాత జరిగి ఉండవచ్చు. లిపి రూపం, అక్షర రచన, సూరాల క్రమం వంటి సాక్ష్యాలను కూడ కలిపి చూచినప్పుడే నిర్ణయం సాధ్యం. ఇంతమాత్రం నిశ్చయం: ఆ తోలు ఇస్లాం తొలి తరాలకు మిక్కిలి సమీపమైనది. ఖుర్‌ఆన్ గ్రంథస్థం కావటాన్ని చాలా తరువాతి కాలానికి నెట్టిన కొందరు పాశ్చాత్యుల వాదానికి ఇది బలమైన అభ్యంతరం. ఆ మాట చాలినంత బలమైనది. దానికి అతిశయోక్తి తోడు అవసరం లేదు.

సిరా విషయంలో ఇతర సాధనాలు తోడ్పడతాయి. మసితో చేసిన సిరా పరారుణ కాంతిలో నల్లగానే ఉంటుంది. మాచికాయ, ఇనుప లవణంతో చేసిన సిరా వెలిసిపోతుంది. ఎక్స్-కిరణాలతో సిరాలోని ఇనుము, రాగి, తుత్తునాగం పాళ్ళు కొలిచి, ఒకే పుటలోని రెండు వరుసలు ఒకే సిరాతో వ్రాసినవా కావా అని చూస్తారు. చిత్రాలంకృత గ్రంథాలలోని నీలిరంగు రాజావర్తమా కాదా అన్నది రామన్ పద్ధతి పత్రాన్ని గీకకుండానే చెబుతుంది. 1500 నాటిదని అమ్మకానికి వచ్చిన చిత్రంలో, 18వ శతాబ్ది ప్రారంభంలో మాత్రమే బెర్లినులో పుట్టిన ప్రష్యన్ నీలం కనిపిస్తే, ఆ చిత్రం నకిలీ అయినా కావాలి, తరువాత ఎవరో రంగు పూసినదైనా కావాలి.

హైదరాబాదు, కర్నూలు, కడప, మచిలీపట్నం వంటి చోట్ల పాత కుటుంబాల వద్ద, మదరసాల వద్ద, దర్గాల వద్ద అరబీ, ఫారసీ, ఉర్దూ వ్రాతప్రతులున్నాయి. వాటి వయస్సును గురించి వంశ పరంపరగా మాటలు చెప్పుకొంటారు. పరీక్షకు నిలిచినప్పుడు కొన్ని మాటలు నిలుస్తాయి, కొన్ని నిలువవు. కాని పరీక్ష జరిగేలోపు చెదపురుగు, తేమ ఆ పత్రాలను తినివేస్తే, చెప్పటానికి మాటలే మిగులుతాయి; చూపటానికి సాక్ష్యం మిగలదు. కనుక భద్రపరచటం మొదటి పని, పట్టిక వ్రాయటం రెండవ పని, పరీక్ష మూడవ పని.

ఇబ్నుల్ హైసమ్ చీకటి గదిలో ఒక్కొక్క దీపాన్ని కప్పి, ఏ వెలుగు ఏ దీపానిదో తేల్చుకొన్నాడు. వర్ణపటమాపకం చేసేది కూడ కలిసిపోయినవాటిని విడదీసి దేని సాక్ష్యాన్ని దానిచేతనే చెప్పించటం. చరిత్ర రచనకు కావలసినది కూడ ఈ నిగ్రహమే. బస్రాకు చెందినది బస్రాకు, తబ్రీజుకు చెందినది తబ్రీజుకు, హైడెల్‌బర్గుకు చెందినది హైడెల్‌బర్గుకు, గుంటూరుకు చెందినది గుంటూరుకు ఇచ్చివేయాలి. అప్పుడు ఎవరి వాటా తగ్గదు. చెప్పినవారి మాటకు విలువ పెరుగుతుంది.